గోడ మీద రెండు చుక్కలు

గీతలత్త ఎవరింటి గోడ మీద గీత గీస్తే ఆ ఇల్లు పడిపోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళయితే లెక్కతో సహా చెబుతారు. ముందు టైలరు వాళ్ళ వెనకిల్లు, తర్వాత మలుపులో మేడ, ఆ తర్వాత సబ్బుల గోదాము పక్క వాటా, ఇలా మొత్తం ఆరు.

"గీత గీసి నెల తిరక్కుండా నేలమట్టం," అనేది పాలామె గొంతు తగ్గించి. "ముందు అరచెయ్యి ఆనిస్తుందట, నాడి చూసినట్టు. తర్వాత రెండు చుక్కలు పెడుతుంది. అంతే, గోడకి కళ్ళొచ్చేస్తాయి."

"మరి బడి గోడ పడలేదేం? రోజంతా అక్కడే ఊడుస్తుందిగా?"

"బాగుంది! తన కూడు తనే పడగొట్టుకుంటుందేంటి?"

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు.

బొత్తాల పిల్ల ఈ మాటలు వింటూ తన బిందెకేసి చూస్తూ నిలబడేది. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. తల్లి ఒక దుకాణానికి చొక్కాలు కుడుతుంది, ఈ పిల్ల వాటికి బొత్తాలు కుడుతుంది. అందుకే ఆ పేరు. ఏడో తరగతిలో ఉండగా తండ్రి పోయాడు, బడి ఆగింది, సూది చేతికొచ్చింది. నలుగురిలో నోరు తెరవాలంటే మెడ దగ్గర బొత్తాం బిగించేసినట్టుండేది. కళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. చొక్కా మీద ఒక బొత్తాం నూలుపోగంత పక్కకి జరిగినా పట్టేసేవి.

గీతలత్తని ఆ పిల్ల బడి రోజుల నుంచీ ఎరుగును. సన్నగా పొడుగ్గా ఉండే ఆవిడ వరండాలో నడుస్తుంటే చీపురే నడుస్తున్నట్టుండేది. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు జ్యామితి మొదలుపెట్టిన రోజు వరండా ఊడుస్తున్న మనిషల్లా ఆగి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

"రేఖకి చివరలుండవు, అటూ ఇటూ పోతూనే ఉంటుంది. రేఖాఖండానికి రెండు చివరలుంటాయి. అందుకే దాన్ని కొలవగలం," అని మాస్టారు బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి కలిపాడు.

కిటికీలోంచి ప్రశ్న వచ్చింది. "ఆ చుక్కలు వాటంతటవే దూరం జరిగితేనండీ?"

క్లాసంతా గొల్లుమంది. "చుక్కలెందుకు జరుగుతాయమ్మా, వాటికేమన్నా కాళ్ళున్నాయా?" అన్నాడు మాస్టారు.

"జరుగుతాయండీ," అని ఆవిడ మళ్ళీ చీపురు అందుకుంది. బొత్తాల పిల్లకి మాత్రం నవ్వు రాలేదు. మెడ వెనక ఎవరో ఊదినట్టయింది.

ఆ రోజు తర్వాత, పిల్లలు పారేసుకున్న స్కేళ్ళూ కోణమానినులూ ఊడ్చేటప్పుడు దొరికితే ఆవిడ సంచిలో వేసుకోవడం చాలామంది చూశారు. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకి. దారిలో ఎవరెదురైనా బాగున్నారా అనదు. "మీ తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయా?" అంటుంది. ఆ మాట వినపడగానే జనం ఏదో మరిచిపోయినట్టు అడుగు వెనక్కి వేసి పక్కసందులోకి తిరిగేవాళ్ళు.

బొత్తాల పిల్లకి అలా తప్పించుకోవడం చేతకాలేదు. ఒక సాయంత్రం, కుట్టిన చొక్కాలు దుకాణంలో ఇచ్చి వస్తుంటే ఆవిడ ఎదురైంది. మామూలు ప్రశ్నే అడిగింది. పిల్ల నిజం చెప్పేసింది.

"తలుపు బానే ఉందత్తా. కిటికీ గడియ పట్టట్లేదు."

"ఎప్పట్నుంచీ?"

"వానలు వెలిసినప్పట్నుంచీ."

గీతలత్త తలూపి తన దారిన పోయింది. పిల్ల ఇంటికెళ్ళి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేసిన పొరపాటు ఏంటో మర్నాడు మధ్యాహ్నం గాని తెలియలేదు.

వాళ్ళది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. కింద గదుల్లో తల్లీ, పిల్లా, నానమ్మా. పైన బాబాయీ పిన్నీ. బాబాయి తాపీమేస్త్రి. నానమ్మకి నడుం పడిపోయి నాలుగేళ్ళయింది. ఆవిడ మంచం కిటికీ ఉన్న గోడని ఆనుకుని ఉంటుంది. ఆ గోడకే, కిటికీ కింద మూల నుంచి ఏటవాలుగా ఒక బీట ఉంది. ఆ బీట ఎప్పుడొచ్చిందంటే ఎవరూ చెప్పలేరు.

తల్లి కుట్టుమిషన్ మీద వంగి ఉంది. మిషన్ చప్పుడాగిన ఒక్క క్షణంలో, గదిలో ఇంకో మనిషి ఉన్నట్టు పిల్లకి అనిపించింది. తలెత్తి చూస్తే నానమ్మ మంచం తలాపున గీతలత్త నిలబడి ఉంది. అరచెయ్యి గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది.

తర్వాతదంతా నిమిషంలో అయిపోయింది. బీటకి ఇటొక చుక్క, అటొక చుక్క. నల్లటి బొగ్గుతో వాటిని కలుపుతూ ఒక గీత. సంచిలోంచి స్కేలు తీసి ఆనించి, పక్కన 4.2 అని రాసింది. స్టూలెక్కి, పైకప్పు కింది మేకుకి ఒక దారం కట్టి, దాని కొసకి తాళంచెవి వేలాడదీసింది. నానమ్మ అప్పటికి గాని తేరుకోలేదు.

"ఒసే కోడలా! వచ్చిందే! నా నెత్తి మీదే గీసిందే!"

తల్లి కత్తెర చేత్తో పట్టుకునే లేచింది. "బయటికి నడు. నీకు మా ఇల్లే దొరికిందా? ఇంకోసారి గడప తొక్కావంటే బాగుండదు."

గీతలత్త కత్తెర వంక చూడలేదు. చుక్కల వంకే చూస్తూ, "తుడవకండి," అంది. "వారానికి వస్తా. ఈలోగా వెళ్ళిపోతే ఇంకా మంచిది." అని వెళ్ళిపోయింది.

సాయంత్రం బాబాయి వచ్చి పడీ పడీ నవ్వాడు. "ఊడ్చుకునే మనిషి నాకు గోడల సంగతి చెబుతుందా! ఈ గోడకి రెండుసార్లు సిమెంటు పూసి గిలాబు చేసింది ఎవరనుకున్నారు? ఉండండి, తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేస్తా."

"వద్దురా! తుడిస్తే ఇంకేమవుతుందో!" నానమ్మ కొడుకు చొక్కా పట్టుకుని లాగింది.

తుడవడానికీ భయమే, ఉంచడానికీ భయమే. చివరికి పిన్ని పాత క్యాలెండరు తెచ్చి చుక్కల మీద తగిలించింది. దారం జోలికి ఎవరూ పోలేదు. ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. తల్లి మాత్రం పిల్లని పక్కకి పిలిచి, "దానికి మన గోడ సంగతి ఎవరు చెప్పారు?" అని అడిగింది. పిల్ల సూదికి దారం ఎక్కిస్తున్నట్టు తలొంచుకుంది. ఇంట్లోకి ఆవిడని పిలిచింది తనే. నానమ్మకి ఏమన్నా అయితే అది తన నోటి వల్లే అవుతుంది. 

మూడోరోజు నానమ్మ కొత్త మాట మొదలుపెట్టింది. "క్యాలెండరు వెనక నుంచి చూస్తున్నాయే. ఒక కన్ను కిటికీ వైపు జరుగుతోంది."

"చాదస్తం," అంది తల్లి, మిషన్ గట్టిగా తొక్కుతూ.

పిల్ల మాత్రం దారాన్ని చూస్తోంది. మొదటిరోజు తాళంచెవికీ గోడకీ మధ్య ఒక వేలు పట్టేది. ఇప్పుడు రెండు వేళ్ళు పడుతున్నాయి. కిటికీ మూసే ఉంది, గాలి లేదు. దారం చిన్నగా కూడా ఊగడం లేదు. గోడ నుంచి తప్పుకుని, ఏదో వింటున్నట్టు నిలబడి ఉంది.

నాలుగోరోజు ఆ పిల్ల ఇంకో పని చేసింది. బీట దగ్గరకి ఒక చొక్కా బొత్తాం తెచ్చి అంచు మీద నిలబెట్టి తోసింది. లోగడ చిన్నప్పుడు ఆటకి తోసినప్పుడు సగంలో ఇరుక్కుపోయేది. ఇప్పుడు జారి లోపలికి పోయింది. టిక్ మంది. మళ్ళీ టిక్. గోడ లోపల, కిందికి, ఇంకా కిందికి. చప్పుడు ఆగాక కూడా ఆ పిల్ల చెవి తియ్యలేదు. ఇంత లావు గోడలో అంత ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకోటి వేసింది. ఇంకోటి. ఐదు బొత్తాలు వేసింది. ఐదూ పోయాయి.

ఆరోరోజుకి ఉండబట్టలేక పెట్టె అడుగు నుంచి తన పాత జామెట్రీ బాక్సు తీసింది. తండ్రి కొనిచ్చిన స్కేలు కొత్తదానిలాగే ఉంది. క్యాలెండరు ఎత్తి, ఒక చుక్క దగ్గర సున్నా ఆనించి, రెండో చుక్క దగ్గర చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి తల్లిని పిలిచి చదివించింది.

మూడు పాయింట్ ఆరు.

గోడ మీద రాసింది నాలుగు పాయింట్ రెండు.

"తగ్గిందా?" తల్లి గోడ మీదికి ఇంకా వంగింది. "అంటే మూసుకుంటోందా?"

బాబాయి కబురు వినగానే మెట్లు మూడేసి చొప్పున దిగాడు. తనే కొలిచాడు. 3.6. తొడ చరిచాడు. "చెప్పానా! నేను పెట్టిన గిలాబు! గోడ తనంతట తనే అతుక్కుంటోంది. రేపు ఆ బీట నోట్లో ఇంత సిమెంటు కొడతా, పీడా పోతుంది."

నానమ్మ మొహం విప్పారింది. ఆరు రోజుల తర్వాత తల్లి టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసింది. పిన్ని కుళాయి దగ్గర చెప్పేసింది కూడా. ఇల్లంతా ప్రాణం లేచి వచ్చినట్టుంది, ఒక్క పిల్లకి తప్ప. గోడ అతుక్కుంటుంటే దారం ఇప్పుడు మూడు వేళ్ళ దూరంలో ఎందుకుంది? బొత్తాలు ఎందుకు పడ్డాయి? కొలత ఒకటి చెబుతోంది, కళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. కొలిచింది తనే కాబట్టి ఎవరి మీదా కోప్పడటానికి కూడా లేదు.

ఏడోరోజు మాట ప్రకారం గీతలత్త వచ్చింది. సందు మొదట్లోనే బాబాయి అడ్డం నిలబడి, "మా గోడ నీ మాట వినలేదు, పో," అని పంపించేశాడు. ఆవిడ అక్కడి నుంచే ఇంటి వైపు కాసేపు చూసి తిరిగి వెళ్ళిపోవడం పిల్ల కిటికీలోంచి చూసింది. కిటికీ రెక్క ఇప్పుడు అసలు కదలడమే లేదు.

బొత్తాల డబ్బా పక్కన పెట్టి ఆ పిల్ల బడికి వెళ్ళింది. నాలుగేళ్ళుగా ఆ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే తలొంచుకుని అవతలి పక్క నడిచే పిల్ల, గేటు తోసుకుని లోపలికి పోయింది. చీపుర్లు దాచే గదిలో గీతలత్త కిందే కూర్చుని సంచి సర్దుకుంటోంది.

"గోడ మూసుకుంటోందత్తా," అంది పిల్ల, పలకరింపు కూడా లేకుండా. "నువ్వు నాలుగు పాయింట్ రెండు రాశావు. నేను కొలిస్తే మూడు పాయింట్ ఆరే వచ్చింది."

గీతలత్త చేతిలో సంచి జారింది. "దేంతో కొలిచావు?"

"నా స్కేలుతో. సున్నా దగ్గర నుంచే కొలిచాను, ఒట్టు."

గీతలత్త సంచిలోంచి తన స్కేలు తీసి పిల్ల ఒళ్ళో పెట్టింది. పాతది, చెక్కది. ఒక చివర విరిగిపోయి ఉంది. విరిగిన చోటు సరిగ్గా ఒకటి అంకె గీత దగ్గరికి అరగదీసి ఉంది.

"నా స్కేలుకి సున్నా లేదమ్మా," అంది. "ఒకటి దగ్గర మొదలవుతుంది."

పిల్ల వేళ్ళ మీద లెక్కేసింది. నాలుగు పాయింట్ రెండులోంచి ఒకటి తీసేస్తే మూడు పాయింట్ రెండు. తను చూసింది మూడు పాయింట్ ఆరు. బీట మూసుకోలేదు. ఆరు రోజుల్లో నాలుగు గీతలు తెరుచుకుంది.

"మరి ఒకటి తీసేసి రాయొచ్చుగా అత్తా!"

"నా స్కేలుతో మళ్ళీ నేనే కొలుస్తాగా. పెరిగిందా లేదా, అది చాలు నాకు. ఇంకెవరో కొలుస్తారని ఎప్పుడనుకున్నాను? ఇన్నేళ్ళలో ఒక్కరు కొలిచారా? అందరూ భయపడి వెళ్ళిపోయారు."

"వీధిలో అందరూ అనేది నిజం కాదని వాళ్ళకి చెప్పొచ్చుగా? నీ గీత వల్ల పడట్లేదని?"

"ముందు చెప్పాను. మీ గోడ కదులుతోంది, పొండి అన్నాను. ఊడ్చుకునేదాని మాట ఎవరు వింటారు? ఒక్కరూ కదల్లేదు. గీతకి భయపడి మాత్రం గిన్నెలతో సహా సర్దుకుపోయారు." గీతలత్త లేచి నిలబడింది. "పోనీలే, ఎలా పోతేనేం అనుకున్నా. మీ వాళ్ళకి ఇప్పుడు ఆ భయం కూడా పోయింది కదూ?"

పోగొట్టింది తనే. ఆ పిల్ల విరిగిన స్కేలు గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తింది. వెనకే గీతలత్త.

బాబాయి అప్పటికే తట్టలో సిమెంటు కలుపుతున్నాడు. పిల్ల వచ్చి తట్టని కాలితో పక్కకి తోసింది. అందరూ నోరు వెళ్ళబెట్టారు.

"తప్పు కొలిచాం," అంది. గొంతు ఇల్లంతా వినపడింది, ఆ పిల్లకే కొత్తగా. "గోడ పడిపోతుంది. నానమ్మని బయటికి తియ్యండి."

"ఇదేంటే, దీనికి కూడా పట్టింది!" అంది నానమ్మ.

పిల్ల విరిగిన స్కేలు చుక్కల మీద ఆనించి చదివించింది. 4.7. తల్లి మొహంలో రక్తం ఇంకిపోయింది. బాబాయి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "విరిగిన స్కేలుకి ఏమన్నా నమ్మకముందా?"

"అయితే కోణం చూడు బాబూ," అంది గీతలత్త గుమ్మం బయటి నుంచే. "మేకు దగ్గర కోణమానిని పెట్టు. గోడకీ దారానికీ మధ్య ఎంతుందో చదువు."

బాబాయి పిల్ల బాక్సులోని కోణమానిని తీసుకుని స్టూలెక్కాడు. చదివి పకపకా నవ్వాడు. "నూట డెబ్బై తొమ్మిది! ఆ లెక్కన గోడ ఎప్పుడో బోర్లా పడుకుని ఉండాలి!"

"అది బయటి వరస బాబాయ్. సున్నా గోడ వైపున్న వరస చదవాలి," అంది పిల్ల.

"అయితే ఒకటి. ఒకటంటే ఒకటే డిగ్రీ! దీనికా మీ గోల?"

"అక్కడ వెంట్రుకంతే ఉంటుంది," అంది గీతలత్త. "కోణం భుజాలు పొడుగయ్యేకొద్దీ నోరు పెద్దదవుతుంది. కిందికి చూడు. తాళంచెవి దగ్గర చూడు. అదే ఒక్క డిగ్రీ."

బాబాయి కిందికి చూశాడు. తాళంచెవికీ గోడకీ మధ్య పిల్ల నాలుగు వేళ్ళు పెట్టి చూపించింది. పొద్దున మూడే పట్టాయి. దారం నిట్టనిలువుగా, కదలకుండా ఉంది. వాలింది గోడే, నానమ్మ మంచం మీదికి.

ఆయన నవ్వు ఆగిపోయింది. స్టూలు దిగి, పైకెళ్ళి, పని సంచిలోంచి గుండు కట్టిన తన దారం తెచ్చి అదే గోడకి పట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి గోడకీ పట్టిన దారం అది. సొంతింటి గోడకి ఒక్కసారీ పట్టలేదు. గుండు నిలకడగా ఆగేదాకా చూసి, దాన్ని మెల్లగా చుట్టేసుకున్నాడు.

"వదినా, అటు పట్టు," అన్నాడు. "మంచంతో సహా లేపేద్దాం."

"ఏంట్రా, నలుగురు మోస్తున్నారు? నేనింకా బతికే ఉన్నాను కదరా!" అని నానమ్మ మంచం పట్టె పట్టుకుని అరుస్తూనే వీధిలోకి వచ్చింది. మంచం నాలుగో కోడు పట్టింది గీతలత్త. అది చూశాక నానమ్మ నోరు మూసుకుంది.

మిషను, చొక్కాలు, గిన్నెలు చీకటి పడేలోగా బడి వరండాకి చేరాయి. మర్నాడు పొద్దున పది గంటలప్పుడు గోడ పడింది. ఫెళ్ళుమనలేదు. అలిసిపోయిన మనిషి చతికిలబడ్డట్టు లోపలికి కూర్చుంది. దాంతోపాటు పై గది నేల కూడా. దుమ్ము తగ్గాక పిల్ల వెళ్ళి చూస్తే, మంచం ఉండిన చోట కిటికీ పైదిమ్మ అడ్డంగా పడి ఉంది. ఇటుకల మధ్య ఐదు బొత్తాలు తెల్లగా మెరుస్తున్నాయి.

కుళాయి దగ్గర లెక్క ఏడయింది. "మూసుకుంటోందని ఎంత సంబరపడ్డారు పాపం! దాని గీత ఊరికే పోతుందా?" అంది పాలామె.

"ఏడిళ్ళలో ఒక్కరికన్నా దెబ్బ తగిలిందా పిన్నీ?" అంది వరసలో నిలబడ్డ బొత్తాల పిల్ల. పాలామె బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా చూసుకోలేదు.

ఆ సాయంత్రం పిల్ల విరిగిన స్కేలు తిరిగివ్వడానికి చీపుర్ల గదికి వెళ్ళింది. గీతలత్త దాన్ని పైటతో తుడిచి సంచిలో పెట్టి, ఒక పాత నోటుపుస్తకం తీసి వాళ్ళ ఇంటి కొలతలు రాసింది. 4.2, దాని కింద 4.7. పడిన తేదీ. పిల్ల పేజీలు వెనక్కి తిప్పింది. ఒక్కో పేజీకి ఒక ఇల్లు, ప్రతి ఇంటికీ రెండు మూడు కొలతలు, ఒక తేదీ. వాళ్ళది ఏడోది అయ్యుండాలి. వేలితో లెక్కపెట్టింది. ఎనిమిదోది.

మొదటి పేజీలో తేదీ ఒక్కటే ఉంది. అప్పటికి ఆ పిల్ల పుట్టలేదు.

"ఇదెవరిల్లత్తా? కొలతల్లేవేం?"

"మాదే," అంది గీతలత్త. "అప్పటికి నాకు కొలవడం రాదు."

"ఇంట్లో ఎవరన్నా..."

"మా ఆయనా, మా పాపా. నేను నీళ్ళకి వెళ్ళాను. పాపది ఆరో తరగతి. ఆ విరిగిన స్కేలు దాని పుస్తకాల్లోనే దొరికింది."

మొట్టమొదట పడిన ఇంటి గోడ మీద ఏ గీతా లేదు.